బండ మీద క్లబ్‌హౌస్ వద్దన్నందుకు

మా ఊరి బండ మీద ఎవరైనా కూర్చోవచ్చు, ఎవరైనా ఏదైనా ఆరబోసుకోవచ్చు. దాని మీద ఇల్లు కట్టాలని మాత్రం ఇంతవరకు ఎవరికీ తోచలేదు. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే రోడ్డు మీదే ఉంటుంది మా బండకిందపల్లె. ఊరికి పడమరగా, చేలు దాటి పోతే, రెండెకరాల మేర ఒకటే రాయి. పండుకున్న ఏనుగు వీపులా నున్నగా ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ మా రాగులు, ఉలవలు, చింతపండు, మిరపకాయలు, మా అత్త దుప్పట్లు, నా ముగ్గురు బిడ్డల పక్కగుడ్డలు అన్నీ దాని మీదే ఆరాయి. యాభై ఏళ్లుగా ఆ బండ మీద ఆరనిది ఒక్కటే, సరస్వతమ్మ నోరు.

సరస్వతమ్మ మా పక్కింటామె. సాయంత్రమైతే ఆమె, నేను, ఇంకో నలుగురు ముసలివాళ్లం బండ మీద చేరతాం. నేను చెప్పబోయేది మాఘమాసం సంగతి, అనపకాయల కాలం. కాయలు ఒలుచుకుంటూ, నానేసిన గింజలు పితుక్కుంటూ, ఊళ్లో ఎవరి కోడలు ఏమన్నదో తెలుసుకుంటూ చీకటి పడేదాకా కూర్చుంటాం. మబ్బు లేకపోతే దూరంగా మల్లమ్మ కొండ కనిపిస్తుంది. ఇప్పుడు దాన్నే అందరూ హార్స్లీ హిల్స్ అంటున్నారు. కొండకేం, ఏ పేరు పెట్టినా కదలదు.

అట్లాంటి బండకు నిరుడు ముప్పు వచ్చింది. బెంగళూరు కంపెనీ ఒకటి గోల్ఫ్ మైదానం కోసమని మా ఊరి మెట్టభూములు నూట అరవై ఎకరాలు కొనింది. వానొస్తేనే పండే నేలలు, అమ్మినవాళ్లు ఏడవలేదు. సగం మందికి అక్కడే నెల జీతం ఉద్యోగాలు కూడా ఇచ్చారు. మా మనవరాలు అనూష మదనపల్లెలో సివిల్ డిప్లొమా చదివింది కాబట్టి దానికి సర్వే పని దొరికింది. మూడు కాళ్ల కొయ్య మీద యంత్రం పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని చేలన్నీ చూస్తుంది. చిన్నప్పుడు ఇంట్లో చీపురు ఎక్కడుందో కనపడేది కాదు దానికి.

ఒకరోజు అది పనినుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే నిలబడింది.

“అవ్వా, నువ్వు కోప్పడకూడదు.”

“కోప్పడేదేందో చెప్పు, ఆనక సూస్తాం.”

“బండ కూడా కంపెనీ భూమిలోకే వస్తాది. క్లబ్‌హౌస్ బండ మీద పెడతారంట.”

“హౌస్ అంటే ఇల్లు కదమ్మే. ఎవురిల్లు?”

“ఎవురిదీ కాదు అవ్వా. ఆడుకునేదానికి వచ్చినోళ్లు బట్టలు మార్చుకుని, కాఫీ తాగి, కూసునే ఇల్లు.”

“కూసునేదానికి బండ మీద ఇల్లెందుకు? సుమ్మా, ఊరికే బండ మీదే కూసోవచ్చు కదా, మేము కూసోలేదా?” అన్నాను. అనూష అప్పుడు చెప్పులు విడిచి లోపలికి పోయింది. ఆ రాత్రి సంగటి ముద్ద ముందర పెట్టుకుని లెక్కలు వేసుకున్నాను. బండ పోతే రాగులు ఎక్కడ ఆరబోయాలి, రోడ్డు మీదా? నేనెక్కడ కూర్చోవాలి, టీవీ ముందరా?

మర్నాడు సాయంత్రం ఆ క్లబ్‌హౌస్ మనిషే బండ మీదికి వచ్చాడు. పేరు పురుషోత్తం, సన్నగా, గొడుగు కామలా ఉన్నాడు. గోల్ఫ్ మైదానాలు గీసే పని అతనిది. మా వైపు చూడకుండా బండ నడినెత్తిన నిలబడి, చూపుడువేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, పైకెత్తి పట్టుకున్నాడు.

“ఏందప్పా, వేలు చప్పరిస్తాండావు? ఆకలైతాండాదా?” అని అడిగాను.

“లేదవ్వా, గాలి సూస్తాండా.”

“గాలి కనపడతాదా యాడన్నా?” అంది సరస్వతమ్మ.

“తడి వేలికి తెలుస్తాదమ్మా, యా పక్కనించి వస్తాండాదో.”

“నన్నడిగుంటే చెప్పుండనా! యాభై ఏండ్లుగా ఈడ తూర్పార పడతాండా. నీ వేలు కన్నా నా చేట నయం.”

మాట కలిసింది. అతను కుప్పం వాడట. అయితే మనవాడే, కూర్చోమన్నాం. కూర్చున్నాక చేతులు ఖాళీగా ఉంటే ఎట్లా అని ఒక దోసెడు అనపకాయలు ఒళ్లో పోశాం. పాపం, ఒలిచాడు.

“ఇంతకీ ఆ ఆటేందప్పా?”

“ఒక గుంత ఉంటాదవ్వా. దూరంనించి కర్రతో బంతిని కొట్టుకుంటా పోయి ఆ గుంతలో ఎయ్యాల.”

“ఏసినాక?”

“తీసుకుని ఇంకో గుంతకు పోవాల.”

“మళ్లా తీసేదానికి యాల ఏసేది?”

అతను తల గోక్కున్నాడు. “ఆటంతే అవ్వా. అట్లాంటివి పద్దెనిమిది గుంతలు.”

“పద్దెనిమిది గుంతలు తవ్వి ఒక్క మామిడి మొక్క కూడా నాటరా! ఎంత పాపమప్పా,” అని సరస్వతమ్మ నోరు నొక్కుకుంది.

నేను అసలు సంగతిలోకి వచ్చాను. “ఆ ఇల్లు ఈ బండ మీదే యాల కట్టాల?”

అప్పుడు అతని మొహం దీపం పెట్టినట్టయింది. తనకు ఇష్టమైన మాట అడిగినట్టున్నాను. “అవ్వా, నూరేండ్ల కిందట ఈ పొక్లెయిన్లు యాడివి? అప్పుటి గోల్ఫ్ మేస్త్రీలు ముందు నేలంతా కాళ్లతో తిరిగేది. దినాలకు దినాలు. గుంతలు యాడ తవ్వాల అని కాదు, ముందు క్లబ్‌హౌస్ యాడ అనేది తేల్చుకునేది. ఆట ఆణ్ణించే మొదలు, ఆణ్ణే ముగింపు. అది కుదిరితే మిగతాదంతా కుదురుతాది. నేను ఆ పాతోళ్ల దారిలోనే పోతా.”

చెప్పుకుంటూ పోయాడు. పొద్దున ఆట మొదలుపెట్టేవాడి కళ్లలో ఎండ పడకూడదట. సాయంత్రం ముగించుకుని వచ్చేవాడి కళ్లలోనూ పడకూడదట. అలిసిపోయి వచ్చేటప్పుడు ఎక్కుడు ఉండకూడదు. నీళ్లు దగ్గరుండాలి, రోడ్డు దగ్గరుండాలి, చల్లగా నీడుండాలి. ముందు పొయ్యి ఎక్కడో తేల్చుకుని తర్వాత గోడలు లేపినట్టు. ఆ పాత మేస్త్రీలు తెలివైనవాళ్లే అనిపించింది. అందుకే వాళ్ల మాటతోనే ఇతన్ని పట్టుకోవాలనుకున్నాను.

“మరి ఈ బండకు నీళ్లు యాడుండాయి?”

“బోరు ఏస్తాం.”

“రోడ్డు?”

“ఏస్తాం.”

“నీడ?”

“అదీ కట్టేస్తాం.”

“అలిసిపోయినోడు బండెక్కాల కదప్పా?”

“మెట్లు పెడతాం.”

“మరి మీ పాత మేస్త్రీలు ఏం చెప్పినట్ల?”

పురుషోత్తం మల్లమ్మ కొండ వైపు చూశాడు. పొద్దు దిగుతోంది, కొండ వెనకాల ఆకాశం మిరపపండులా ఉంది. “వాళ్లు ఇది సూడలేదవ్వా,” అన్నాడు మెల్లగా. పెళ్లిచూపుల్లో పిల్లను చూసినవాడికి గోత్రం ఎక్కడ గుర్తుంటుంది? ఇతని పనీ అంతే అయిందని నాకు అర్థమైంది.

అదృష్టం కొద్దీ బండ వద్దనేవాడు ఇంకొకడు దిగాడు. మదనపల్లె నుంచి వాస్తు చూడడానికి సుబ్బయ్య సిద్ధాంతిని కంపెనీవాళ్లు పిలిపించారు. ఆయన గొడుగు వేసుకుని వచ్చి, దిక్సూచి తిప్పి, బండ మీద ఒక్క క్షణం కూడా నిలబడలేదు.

“నడిమధ్య ఎత్తులో కట్టేదా! శివ శివా. ఈశాన్యం, ఈశాన్యం కావాల,” అన్నాడు.

ఈశాన్యం మూల ఏముంది? వంక మడుగు. రెండు వానలు పడితే మోకాటి లోతు నీళ్లు. అక్కడ కడితే కప్పలకు క్లబ్‌హౌస్ అవుతుంది.

“అయ్యా, ఆడ కడితే బట్టలు మార్చుకునేదానికి కాదు, ఉతుక్కునేదానికి వస్తారు,” అన్నాడు పురుషోత్తం.

“నీ పాత మేస్త్రీలు శాస్త్రం సదివినారా?”

“మీ శాస్త్రం గోల్ఫ్ ఆడిందా?”

ఇద్దరూ వారం రోజులు అట్లా కొట్టుకున్నారు. బెంగళూరులో ఉన్న యజమాని ప్రతాప్‌కు రోజూ ఫోన్లు. ఆయన తల్లిది పుంగనూరే, చిన్నప్పుడు సెలవులకు వచ్చేవాడట. చివరికి వీడియోలో కనిపించి, “మీ ఇద్దరి గోల నాకు వద్దు. ఊళ్లో పెద్దోళ్లు ఇంటికి జాగా ఎట్ల సూస్తారో అడగండి,” అన్నాడు. ఫోను అనూష చేతిలో ఉంది. నేను అనూష వెనక ఉన్నాను. ఇంకేం, తల ముందుకు పెట్టాను.

“నాయనా, మా పక్క ఇల్లు కట్టాలంటే ఆవును ఇడుస్తాం. అది దాని ఇష్టానికి తిరిగి యాడ పండుకుని నెమరేస్తాదో ఆడ కడతాం. ఆవు పండుకున్న జాగాలో తడుండదు, పుట్టలుండవు, పురుగు పుట్రా ఉండదు. మనిషి లెక్క తప్పుతాది గానీ ఆవుది తప్పదు.”

ఇందులో అబద్ధం లేదు. మా అత్త కాలంలో అట్లాగే చేసేవారు. కాకపోతే నా లెక్క నాకుంది. మా గుజ్జిని విడవాలన్నది నా ఉద్దేశం. గుజ్జి అంటే మా పుంగనూరు ఆవు. నా నడుము ఎత్తు కూడా ఉండదు, అందుకే ఆ పేరు. మిట్టమధ్యాహ్నం బండ పెనంలా కాలుతుంది, గుజ్జి దాని ఛాయలకు కూడా పోదు. తడి దానికి పడదు, మడుగులోకి దిగదు. ఇక మిగిలేది రోడ్డు పక్క వేపచెట్ల తోపు. క్లబ్‌హౌస్ అక్కడ కట్టుకోనీ, మాకేం అడ్డం? “మా పుంగనూరు ఆవునే ఇడుస్తా నాయనా,” అన్నాను.

“పుంగనూరు ఆవా!” అని ఫోనులో ప్రతాప్ ఎగిరి గంతేశాడు. “సూపర్ అమ్మా! శుక్రవారం నేనే వస్తాండా.”

“పన్నెండు గంటలకు ఇడవాల నాయనా, అభిజిత్ లగ్నం,” అన్నాను. అభిజిత్ అనేసరికి సిద్ధాంతి కాదనలేకపోయాడు.

శుక్రవారం పదిన్నరకే గుజ్జికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి వేపతోపు పక్కన కట్టేశాను. ఊరు ఊరంతా వచ్చింది. పన్నెండయింది, ప్రతాప్ రాలేదు. ఒంటిగంట అయింది. మదనపల్లెలో టమోటా లారీల మధ్య ఇరుక్కున్నాడని ఫోను వచ్చింది. రెండయింది. ముందర ఒక లారీ బోల్తాపడి రోడ్డంతా టమోటాలని మళ్లీ ఫోను. సిద్ధాంతి గొడుగు కింద గురక పెట్టాడు. నేను మాటిమాటికీ పోయి బండ మీద అరిచెయ్యి పెట్టి చూసి వస్తున్నాను. కాలుతోంది. ఇంకా కాలుతోంది. మూడున్నరకు ఒట్టి వెచ్చన. నాలుగుంబావుకు కారు వచ్చేసరికి బండ గోరువెచ్చగా, బాలింత పరుపులా ఉంది. ఏ ఆవుకైనా పండుకోబుద్ధి పుట్టేటట్టు ఉంది.

“పొద్దు దాటిపోయె నాయనా, ఇంకోనాడు పెట్టుకుందామా?” అన్నాను.

“లేదమ్మా, వచ్చినాను కదా,” అని ప్రతాప్ తెల్ల బూట్లు విడిచాడు. గుజ్జి ముందర టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, అందరూ వినేటట్టు, “ఈ తల్లి యాడ పండుకుంటే ఆడే క్లబ్‌హౌస్. మాట తప్పితే ఈ మైదానం నాకు అచ్చిరాదు,” అన్నాడు. సిద్ధాంతి తథాస్తు అన్నాడు. నేను పలుపు విప్పాను.

గుజ్జి తోపులో పండుకోవాలి కదా? నిలబడి గాలి పీల్చింది. పీల్చి, నేరుగా ఈశాన్యం మూలకు నడిచింది. దీనికి ఆ మడుగులో ఏం పని అనుకున్నాను. చూస్తే అక్కడ ఒక గంపెడు నూనె పిండిన చెనిక్కాయ చెక్క!

“ఎవురు పెట్టినారిది?” అని అరిచాడు పురుషోత్తం.

“ప్రకృతి,” అన్నాడు సిద్ధాంతి ఆకాశం చూస్తూ.

గుజ్జి చెక్క అంతా తినేసింది. “పండుకుంటాది, ఇదిగో పండుకుంటాది!” అని సిద్ధాంతి ఒంగి ఒంగి చూశాడు. అది ఆయన పంచె అంచు కూడా రుచి చూసి, వెనక్కు తిరిగి బండ దారి పట్టింది. బండ ఎక్కింది. నడినెత్తిన నిలబడి నాలుకతో రాయిని నాకడం మొదలుపెట్టింది. నాకుతోంది, నాకుతోంది, ఆపడం లేదు.

“రాయిలో ఏముండాదప్పా?” అని సరస్వతమ్మ వేలు అద్ది నాలిక మీద పెట్టుకుంది. “థూ! కల్లుప్పు! కేజీలు కేజీలు పోసుండారు!”

పురుషోత్తం బూటు కొనతో రాయిని గోకుతున్నాడు. “పాత మేస్త్రీలు ఇట్ల కూడా చేస్తాండ్రా?” అని అడిగాను. అతను ఇంకా గట్టిగా గోకాడు.

అప్పుడే గుజ్జి ముందరి మోకాళ్లు వంచింది. నా రాగులు, నా చింతపండు, నా యాభై ఏళ్లు, అన్నీ ఆ రెండు పొట్టి మోకాళ్ల కింద ఉన్నాయి. ప్రతాప్ చేతులు జోడించాడు. అనూష నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుజ్జి పగుల్లో ఉన్న ఉప్పును కూడా నాకి, తృప్తిగా లేచి నిలబడింది.

అక్కడి నుంచి వేపతోపుకు వచ్చింది. అక్కడ ఒక చెట్టు మొదట్లో, ఆకుల కింద, అచ్చు బెల్లం ముద్దలు నాలుగు ఉన్నాయి. వాటి గురించి అందరూ నావైపు చూశారు.

“ప్రకృతి,” అన్నాను నేను.

“పండుకో తల్లీ, పండుకో నా బంగారూ,” అని లోపల్లోపల వెయ్యి దేవుళ్లకు మొక్కుకున్నాను. గంపెడు చెక్క, కేజీలకొద్దీ ఉప్పు, నాలుగు బెల్లం ముద్దలు కడుపులో వేసుకున్న జీవి ఏం చేస్తుంది? గుజ్జి నీళ్ల కోసం అటూ ఇటూ చూసింది. తోపులో చుక్క లేదు, మడుగులో ఉత్త బురద. తల ఎత్తి అంబా అని అరిచి, ఊరి వైపు పరుగు అందుకుంది.

అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు మా అత్త గుర్తుకొచ్చింది. ఇల్లు కట్టాలన్నప్పుడల్లా ఆమె రామసముద్రం నుంచి చుట్టాల ఆవును తెప్పించేది. మన దొడ్లో ఇంత మంచి ఆవుంటే మందిది ఎందుకు అని నేను సణుక్కునేదాన్ని. ఇప్పుడు తెలిసింది ఎందుకో. సొంత ఆవు ఎక్కడికి పోతుంది? ఇంటికి పోతుంది! ఇంత తెలివి తక్కువదాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే ఉంటాను.

ముందర గుజ్జి. వెనకాల వట్టి కాళ్లతో ప్రతాప్, గొడుగుతో సిద్ధాంతి, కాళ్లతో అడుగులు లెక్కపెట్టుకుంటూ పురుషోత్తం, ఫోనులో వీడియో తీస్తూ అనూష, ఊరి జనం, నాలుగు కుక్కలు. దారిలో పంచాయతీ చెత్తకుండీ దగ్గర గుజ్జి ఒక క్షణం ఆగింది.

“ఈడనా?” అన్నాడు ప్రతాప్ నీరసంగా.

“వద్దు తల్లీ, ముందుకు పో,” అని సిద్ధాంతి, పురుషోత్తం మొదటిసారి ఒక్క గొంతుతో అన్నారు.

తర్వాత సరస్వతమ్మ వాకిట్లో ఆగింది. సరస్వతమ్మ డెబ్బై రెండేళ్ల మనిషి, అందరినీ దాటుకుని పరిగెత్తి తలుపు మూసి గడియ పెట్టింది. “మా ఇంట్లో జాగా లేదు! ఇద్దురు కోడండ్లే పట్టరు!” అని లోపల్నుంచి కేకలు.

గుజ్జి పక్కకు తిరిగి మా వాకిట్లోకి పోయింది. తొట్టిలో మూతి పెట్టి తొట్టెడు నీళ్లూ తాగేసింది. కొట్టంలోకి పోయి, తన మూలలో ఒక చుట్టు తిరిగి, బుస్సున గాలి వదిలి, పండుకుంది. పండుకుని నెమరు వేయడం మొదలుపెట్టింది. దాని దవడ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

“అంతే,” అన్నాడు ప్రతాప్. “ఇదే క్లబ్‌హౌస్.”

“ఇది మా కొట్టం నాయనా!” అన్నాను.

“మాట ఇచ్చినాను కదమ్మా, కర్పూరం మీద.”

పురుషోత్తం పిచ్చిపట్టినవాడిలా కొట్టం చుట్టూ తిరుగుతున్నాడు. వేలు చప్పరించి పైకెత్తాడు. తొట్టి చూశాడు, బావి చూశాడు, రోడ్డు చూశాడు, మా చింతచెట్ల నీడ చూశాడు. “అవ్వా!” అని అరిచాడు. “పాతోళ్లు చెప్పిందంతా ఈడే ఉండాది! నీళ్లుండాయి, రోడ్డుండాది, నీడుండాది. ఈణ్ణించి బయలెల్లితే పొద్దున ఎండ వీపు మీద. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ వీపు మీదే. ఆ పక్కంతా దిగుడు, ఎక్కుడు లేనే లేదు. ఆ కాలంలో చేను పక్కన రైతు ఇల్లుంటే దాన్నే క్లబ్‌హౌస్ చేసుకునేది. నేను యాల సూడలేదో!”

“నువ్వు కొండ సూస్తాంటివి అప్పా,” అన్నాను.

“నైరుతిలో బరువు, తూర్పు వాకిలి, ఈశాన్యాన బావి. దివ్యంగా ఉండాది,” అని సిద్ధాంతి కూడా మెత్తబడ్డాడు. చెక్క డబ్బులు కంపెనీ ఇస్తుందా అని అనూషను చెవిలో అడగడం నాకు వినపడింది.

ప్రతాప్ వంగి నా కాళ్లకు దండం పెట్టబోయాడు. “అమ్మా, ఈ కొట్టం మాకు ఇయ్యల్ల.”

కాళ్లు వెనక్కు తీసుకున్నాను. అతను ఆ మాట అడిగేసరికి లోపల ఏదో వెలిగింది. బండ అతనిది, కాగితాలున్నాయి, కొన్నాడు. కొట్టం నాది. అతని మాట నా కొట్టంలో పండుకుని నెమరు వేస్తోంది.

“ఇయ్యను,” అన్నాను.

“అవ్వా!” అంది అనూష.

“నువ్వుండమ్మే. నాయనా ప్రతాపూ, ఈ కొట్టం మా అత్త చేతుల మీద కట్టింది. ఈడే నా పెద్దకొడుకు దుడ్డె తోక పట్టుకుని నడక నేర్సినాడు. నేను ఇయ్యకుంటే నీ మాట ఏమౌతాది?”

ప్రతాప్ మొహం పాలిపోయింది. “మైదానం అచ్చిరాదు.”

“నూట అరవై ఎకరాలు.”

“నూట అరవై ఎకరాలమ్మా.”

“అయితే విను. కొట్టం ఇస్తా, దాని వెనకాల దొడ్డి ఇస్తా. ఇల్లు నాది, నేనీడే ఉంటా. గుజ్జి పండుకునే మూల గుజ్జిదే, ఆ మూలలో మీ కుర్చీలు ఎయ్యకూడదు. బదులుగా బండ మా ఊరికి ఇడిసిపెట్టల్ల. నోటిమాట కాదు, రిజిస్టరు కాయితం మీద రాయల్ల.”

“అమ్మా, బండ మైదానం నడిమధ్యలో ఉండాది! బంతులు పోతాంటాయి!”

“పోనీ. మేమేం కదలం.”

“ఆ యప్ప కొట్టే బంతి మన తలకాయ మీద పడితే?” అని సరస్వతమ్మ కిటికీలోంచి అడిగింది. తలుపు ఇంకా తీయలేదు.

“నీ తలకాయకేమీ కాదులే, బంతే పగులుతాది,” అన్నాను.

ప్రతాప్ పురుషోత్తం వైపు చూశాడు. అతను అప్పటికే కొట్టం గడప మీద కూర్చుని కొత్త పటం గీసుకుంటున్నాడు. “కుదురుతాది సార్,” అన్నాడు తల ఎత్తకుండా. “బండను కదిలించకుండా సుట్టూ గీస్తా. పాతోళ్లు కూడా నేలలో ఉన్నదాన్ని ఉన్నట్టే ఇడిసేది.”

“అయితే ఆ ఉప్పు కడిగేసి పో. రేపు రాగులు పొయ్యాల,” అన్నాను.

రెండు వారాల్లో పుంగనూరు రిజిస్టర్ ఆఫీసులో కాగితాలయ్యాయి. వేలిముద్ర వెయ్యమన్నారు గానీ నేను వినలేదు. సంతకం పెట్టాను, కౌసల్యమ్మ అని, అన్ని అక్షరాలూ. కొంచెం టైము పట్టింది, వెనకాల నిలబడినవాళ్లు సణిగారు. సణగనీ.

ఇప్పుడు కొట్టానికి ఎర్ర పెంకులు, అద్దాల కిటికీలు వచ్చాయి. సొగసుగానే ఉంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు గుజ్జి పక్కన ఫోటోలు దిగుతారు. అది ఒకరిద్దరి టోపీలు నమిలింది కూడా. మొదటి గుంత, చివరి గుంత మా వాకిట్లోంచే కనిపిస్తాయి. బంతిని గుంతలో వేసి మళ్లీ ఎందుకు తీస్తారో మాత్రం నాకు ఈరోజుకూ తెలియదు.

బండ మీద మా రాగులు ఆరుతూనే ఉన్నాయి. రోజుకు రెండు మూడు బంతులు వాటిలో పడతాయి. వెంటనే ఇవ్వం. రాగులు ఎత్తేటప్పుడు జల్లెడలో పైన ఏది మిగిలితే అది ఇస్తాం. మొదట్లో వచ్చినవాళ్లు గట్టిగా మాట్లాడేవారు. ఇప్పుడు బండ అంచున చెప్పులు విడిచి, నిలబడి, “అమ్మా” అని పిలుస్తారు. ఊరికే నిలబడేవాళ్లకు సరస్వతమ్మ ఒక చేట అందిస్తుంది.

మొన్న అనూష మైదానం పటం అచ్చు వేయించి తెచ్చింది. చెట్లు ఎక్కడ, మడుగు ఎక్కడ, ఇసుక గుంతలు ఎక్కడ అని అన్నీ రంగుల్లో ఉన్నాయి. నడిమధ్యలో మా బండ, దాని మీద ఎర్రసిరాతో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

“ఏం రాసినారమ్మే?” అని అడిగింది సరస్వతమ్మ.

అనూష నవ్వు ఆపుకోలేకపోయింది. “ఇది అన్నింటికన్నా ప్రమాదమైన చోటు, బంతి పోతే తిరిగి రాదు, జాగ్రత్తగా ఆడండి అని రాసినారు.”

సరస్వతమ్మ ఆ పటం లాక్కుని, అద్దాలు పెట్టుకుని, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసుకుంది. తర్వాత మడిచి రవికలో పెట్టుకుని, “మా కోడండ్లకు సూపించల్ల,” అని లేచింది.